జగన్నాధం మేస్త్రి విప్పని తీగలు

సాలూరు లారీ షెడ్లలో జగన్నాధం మేస్త్రి పేరెత్తితే ముందు తిట్టు వినబడేది, ఆ వెనకే దండం. "ఆడి నోరు పడిపోను" అన్నవాడే మరుక్షణం "ఆడి సెయ్యి పడితే గానీ బండి కదల్దు" అనేవాడు. రెండూ నిజమే. నలభై ఏళ్ళలో మేస్త్రి కూడబెట్టుకున్నది ఆ పేరొక్కటే. అది పోతే ఆయన దగ్గర పాత పానాలూ పాడు కోపమూ తప్ప ఇంకేం మిగలవు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన ఓ పాడుపని కూడా చేశాడు. మంచి మేస్త్రి కదా అని దాన్ని దాచిపెట్టి కథ చెబితే అది కథ కాదు, సన్మానపత్రం.

ఆయన పుట్టింది పాచిపెంట వైపు ఓ మెట్టపల్లెలో, చోళ్ళూ గంటెలూ పండించే ఇంట్లో. వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టాక తండ్రి ఆయన్ని గంగులు మేస్త్రి షెడ్డులో దిగబెట్టి, "సంపినా నీదే బారం, పెంచినా నీదే బారం" అనేసి వెనక్కి చూడకుండా పోయాడు. గంగులు చంపలేదు, పెంచనూ లేదు. పని మాత్రం చచ్చినా నేర్పలేదు. ఆ రోజుల్లో పని నేర్పే మేస్త్రిని వెర్రివాడి కింద జమకట్టేవారు. డీజిల్ పంపుకి టైమింగు కట్టే వేళకి గంగులు ఒకణ్ణి బీడీలకీ ఒకణ్ణి నీళ్ళకీ తరిమేసేవాడు. ఎవడైనా మిగిలిపోతే వాడికి వీపు తిప్పి, చేతులు కనబడకుండా పని కానిచ్చేవాడు.

జగన్నాధం పక్క లారీ టార్పాలిన్ మీద బోర్లా పడుకుని నెల్లాళ్ళు ఆ చేతుల్ని పైనుంచి చూశాడు. ముప్ఫయ్యో రోజున తుమ్ము వచ్చింది. గంగులు ఆయన్ని కాలు పట్టి కిందికి లాగి ఇరవైరెండో నంబరు పానాతో నెత్తిమీద ఒక్కటిచ్చాడు. తల పగిలింది గానీ పని వచ్చేసింది. అప్పటినుంచీ జగన్నాధానికి అదే వేదం. పనంటే ఒకడు చెబితే వచ్చేది కాదు, దొంగిలిస్తే వచ్చేది. తను మేస్త్రి అయ్యాక తన కింద పాతికమంది పనివాళ్ళు వచ్చారు, పోయారు. ఒక్కడికి కూడా ఆయన ఒక్క ముక్క చెప్పలేదు. అడిగినవాడికి మాత్రం "కళ్ళు దొబ్బినాయా, సూసుకో" అని జవాబు దొరికేది. చూడబోతే వీపు అడ్డం వచ్చేది.

అయినా దండాలు ఊరికే రాలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే చాలు, ఏ నాజిల్ నీరసంగా ఉందో, ఏ టాపెట్ వదులైందో చెప్పేసేవాడు. రాయపూరు పోయే డ్రైవర్లు సుంకి ఘాటీ ఎక్కేముందు బండిని ఆయన ముందు ఓసారి ఆపి, ఆయన "ఎల్లు" అంటే గానీ గేరు వేసేవాళ్ళు కాదు.

అంతా బాగానే ఉండేది, కొత్త బళ్ళు దిగకపోతే. 2017 దాటాక వచ్చిన లారీలన్నిటికీ కంప్యూటరు చెప్పినట్టు నడిచే ఇంజన్లు. ఆయన ఎరిగిన పంపు లేదు, ఆ టైమింగు లేదు. ఇంజను పక్కన అల్యూమినియం పెట్టె ఒకటి, దాన్నిండా వైర్లు. ఈసీయం అంటారు దాన్ని. మేస్త్రి స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. ఇంజను చక్కగానే మోగుతోంది, బండి మాత్రం ఘాటీ ఎక్కడం లేదు. ఆ రోజు ఆయనకి కలిగింది భయం. పైకి మాత్రం "ఇదొక దరిద్రపు బండి" అని తిట్టి డ్రైవర్ని పంపించేశాడు. అలా తిట్టించుకున్న బళ్ళన్నీ మెల్లగా విశాఖపట్నం కంపెనీ వర్క్‌షాపు దారి పట్టాయి.

షెడ్డు యజమాని పృథ్వీరాజ్, తండ్రి పోయాక షెడ్డు అందుకున్నవాడు, నెమ్మదస్తుడు. మరుసటేడు వేసవిలో అతను బొబ్బిలి నుంచి స్టాన్లీ అనే మనిషిని తీసుకొచ్చాడు. బాప్టిస్టు చర్చి పక్క వీధి వాళ్ళు, డిప్లొమా చదివాడు, ఆ వర్క్‌షాపులోనే ఐదేళ్ళు చేసి, తల్లికి ఒంట్లో బాగోలేక ఇటు వచ్చేశాడు. చంకలో నల్ల సంచి, సంచిలో స్కానరు. బండికి తగిలిస్తే లోపల ఏం జబ్బో తెర మీద రాసి చూపించే మిషను అది.

"ఏటి బాబూ," అన్నాడు మేస్త్రి పృథ్వీరాజ్‌తో, స్టాన్లీ వైపు చూడకుండానే. "నిన్న పుట్టిన గుంటడొచ్చి నాకు ఇంజను నేర్పుతాడేటి?"

"మీకు నేర్పడానికి కాదు మేస్త్రీ. అందరం కలిసి తెలుసుకోడానికి," అన్నాడు పృథ్వీరాజ్.

"అందరికీ తెలిసింది పనవుతాదా? అది పుకారు."

షెడ్డు గొల్లున నవ్వింది. స్టాన్లీ కూడా నవ్వాడు. మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. తను కొట్టిన దెబ్బకి ఏడవాలి గానీ నవ్వడమేమిటి?

మర్నాటి నుంచి పొద్దున్న టీ వేళ పావుగంట పాఠం. పాత ప్లైవుడ్ చెక్క మీద సుద్దముక్కతో బొమ్మ గీసి స్టాన్లీ చెప్పేవాడు. ఇంగ్లీషు వాగుడు లేదు, డాబు లేదు.

"ఇదివరకు డీజిల్ ఎంత కొట్టాలో పంపు చూసుకునేది. ఇప్పుడు ఈ పెట్టె చూసుకుంటుంది. కానీ పెట్టెకి కళ్ళు లేవు, చెవులు లేవు. ఇంజను చుట్టూ ఉన్న ఈ చిన్న ముక్కలు, సెన్సార్లు, ఇవే దానికి కబుర్లు మోస్తాయి. ఒకటి వేడెంతో చెబుతుంది, ఒకటి గాలెంతో చెబుతుంది. కబురు తప్పయితే పెట్టె కూడా తప్పు పనే చేస్తుంది. అంచేత బండి లాగనప్పుడు పెట్టెని తిట్టకండి. తప్పుడు కబురు ఎవడు తెచ్చాడో వాణ్ణి పట్టుకోండి."

ఇరవై ఏళ్ళుగా వీపులు తప్ప ఏమీ చూడని మనుషులు నోళ్ళు తెరుచుకుని విన్నారు. గేటు దగ్గర టీ కొట్టు దేముడమ్మ, మేస్త్రి భార్యకి చెల్లెలు, గ్లాసులు కడగడం మానేసి విన్నది. వినని మనిషి ఒక్కడే. స్టాన్లీ సుద్దముక్క పట్టుకోగానే మేస్త్రి ఆ మూలకి పోయి, "పాస్టరుగారి వాక్యం మొదలైనాది" అని గ్రైండరు స్విచ్చి నొక్కేవాడు. అరగదీయడానికి ఏమీ లేకపోతే పాత ఇనప రేకు ఒకటి పెట్టుకుని ఊరికే అరగదీసేవాడు. ఆ రొదలో స్టాన్లీ గొంతు చించుకుని చెప్పేవాడు. ఓ పొద్దున్న వెల్డింగు గురించి చెప్పాడు. కొత్త బండి మీద ఎక్కడ టాకా వేసినా సరే, ముందు బ్యాటరీ తీగలు రెండూ విప్పాలని, లేకపోతే ఆ కరెంటు పెట్టెలోకి పోయి దాన్ని కాల్చేస్తుందని మూడుసార్లు చెప్పి, అందరిచేతా అనిపించాడు. మేస్త్రి రేకు అరగదీస్తూనే ఉన్నాడు.

దానికి తోడు పృథ్వీరాజ్ ఓ ముచ్చట పెట్టాడు. పని సులువయ్యే కొత్త ఉపాయం ఎవరు చెప్పినా శనివారం వాళ్ళకి చికెన్ బిర్యానీ. మొదట అందరూ సిగ్గుపడ్డారు. వెల్డరు సోములు, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నా మేస్త్రి ముందు నోరెత్తని మనిషి, మూడో వారం గొణిగాడు. బండి కడిగేటప్పుడు వైర్ల సాకెట్లలోకి నీళ్ళు పోతున్నాయి కదా, పాత సైకిలు ట్యూబు కోసి తొడిగితేనో అని. స్టాన్లీ అప్పటికప్పుడు ట్యూబు తెప్పించి, తొడిగి, నీళ్ళు కొట్టించి చూపించాడు. ఒక్క చుక్క దిగలేదు. "కంపెనీలో కూడా ఈ ఆలోచన ఎవరికీ రాలేదు సోములన్నా" అన్నాడు. సోములు ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు, అంత ఆనందం.

"సైకిలు టూబుకి సన్మానం," అన్నాడు మేస్త్రి. "రేపు గోనిపట్టాకి ఊరేగింపు సెయ్యండి. సిగ్గునేదు."

సోములు ముఖం మాడిపోయింది. బిర్యానీ పొట్లం విప్పకుండా ఇంటికి పట్టుకుపోయాడు.

ఇంత విషం ఎందుకంటే, కారణం ఉంది. సోములుకి తెలిసి, డ్రైవరుకి తెలిసి, చివరికి టీ కొట్టు ఆడమనిషికి కూడా తెలిస్తే, మరి మేస్త్రి ఎవడు? స్టాన్లీ మంచివాడో చెడ్డవాడో ఆయనకి అనవసరం. పానా దెబ్బ తిని సంపాదించిన విద్యని వీడెవడో ప్రసాదంలా పంచిపెడుతున్నాడు. పంచిపెట్టే విద్యకి దండాలెవడు పెడతాడు? అందుకే స్టాన్లీ టెస్టు లాంపు పోతే అది మేస్త్రి అటక మీద దొరికింది, ప్లైవుడ్ చెక్క మీద ఎవరో కాలిన ఆయిలు పోశారు. అడిగితే "నాకేటి తెలుసు" అన్నాడు. పెద్దమనిషి చేసే పనులా ఇవి?

ఆగస్టులో కొండబాబు బండి వచ్చింది. కొండబాబు సొంత లారీ సొంతంగా తోలుకునే మనిషి. ఉన్న పాతది అమ్మి, పెళ్ళాం పుస్తెలతాడు కూడా పెట్టి కొన్న కొత్త బండి, ఎనిమిది నెలలైనా కాలేదు. ముందు అద్దం కింద ఎర్ర దీపం వెలుగుతోందని తెచ్చాడు. పొద్దున్న స్టాన్లీ స్కానరు తగిలించి, సెన్సారు వైరు ఒకటి రాపిడికి చెక్కుకుపోయిందని కనిపెట్టి, అతికి దీపం ఆర్పేశాడు. ఆ తర్వాత ఏదో సామాను కోసం విజయనగరం బస్సెక్కాడు. పన్నెండున్నరకి అందరూ భోజనాలకి పోయారు. కొండబాబు పోతూ పోతూ, "మేస్త్రి మావా, సైలెన్సరు బ్రాకెట్టు పగులిచ్చినాది. ఓ టాకా ఏసీ మరి" అన్నాడు. క్యాబిన్లో పాటలు ఆపడం మర్చిపోయి వెళ్ళిపోయాడు.

మేస్త్రి హోల్డరు పట్టుకున్నాడు. రెండంగుళాల టాకా, నలభై ఏళ్ళుగా చేతికి అలవాటైన పని. బండికి ఎర్త్ తగిలించి, అద్దం అడ్డం పెట్టుకుని కానిచ్చేశాడు. మధ్యలో దేముడమ్మ టీ తెచ్చి బంపరు మీద పెట్టి పోయింది.

మూడింటికి కొండబాబు తాళం తిప్పాడు. స్టార్టరు గిర్రున తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. అరగంటలో షెడ్డంతా చుట్టూ చేరింది. "పొద్దున్న మిషను తగిలించినాడు, మజ్జాన్నానికి బండి సచ్చినాది" అని ఎవడో అన్నాడు. ఆ మాటకి కాళ్ళొచ్చాయి. స్టాన్లీ బస్సు దిగి వచ్చేసరికి కొండబాబు గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. చొక్కా పట్టుకున్నాడు. "నా నోట్లో మన్ను కొట్టీసినావు కదరా" అన్నాడు.

స్టాన్లీ చొక్కా విడిపించుకుని స్కానరు తగిలించాడు. తెర మీద ఏమీ రాలేదు. పెట్టె పలకడం లేదు. పది నిమిషాలు వైర్లన్నీ తడిమి చూసి లేచాడు.

"బండి మీద ఎవరైనా వెల్డింగు కొట్టారా?"

"నానే కొట్టేను," అన్నాడు మేస్త్రి. "అయితే ఏటి?"

"తప్పని కాదు మేస్త్రిగారూ. బ్యాటరీ తీగలు విప్పే కొట్టారా అని."

ఆ ప్రశ్నకి అర్థం మేస్త్రికి నిజంగా తెలియదు. పాఠం గ్రైండరు రొదలో కలిసిపోయింది కదా. ఆయనకి తెలిసిందల్లా ఒకటే, ఈ గుంటడు పదిమందిలో తనని నిలదీస్తున్నాడు. చూపులన్నీ తన మీద ఉన్నాయి.

"ఇప్పీసే కొట్టేను. నాకు తెల్దేటి? నువ్వు పుట్టకముందు కాణ్ణించి కొడతన్నాను."

స్టాన్లీ తల ఊపాడు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

సాయంత్రం షెడ్డు ఖాళీ అయ్యాక దేముడమ్మ గ్లాసుల కోసం వచ్చింది. బావ ఎదుట నిలబడింది.

"బావా, తీగలు ఇప్పేనన్నావు. నాను టీ తెచ్చినప్పుడు పాటలు అవతన్నాయి గదా."

"అవితే?"

"బేట్రీ తీగలు ఇప్పీస్తే పాటెలా వస్తాది?"

మేస్త్రి పానాల పెట్టె ముందుకి లాక్కున్నాడు. దేముడమ్మ గ్లాసులు ఏరుకుంటూ, స్టాన్లీ చెప్పిందంతా అప్పజెప్పింది. వెల్డింగు కరెంటు బండి ఇనుమంతా పాకుతుందట. పాత బండికి పరవాలేదట, దానికి ఇనుమే గానీ తలకాయ లేదు. కొత్తదానికి తలకాయ ఉన్నాది, ఆ కరెంటు బ్యాటరీ తీగల దారంట తలకాయలోకి ఎక్కేసి కాల్చేస్తాదట. తీగలు విప్పితే దారి తెగిపోతాది. మూడో క్లాసు చదివిన మనిషి తడుముకోకుండా చెప్పింది. అంతసేపూ మేస్త్రి పానాల పెట్టె సర్దుతున్నట్టు నటించాడు. లోపల మాత్రం ఒక్కొక్క ముక్కా మేకులా దిగింది.

"నీకెవులు సెప్పమన్నారు ఇదంతా?"

"ఎవులూ సెప్పమన్నేదు. అక్క మొగుడివని నోరు మూసుకుంటన్నాను. నువ్వే సెప్పు బాబుకి. ఆ అబ్బి అన్నాయం అయిపోతాడు."

"ఎల్లు," అన్నాడు మేస్త్రి. "నీ కొట్టు నువ్వు సూసుకో."

తప్పెక్కడో తేల్చమని పృథ్వీరాజ్ స్టాన్లీకి రెండు రోజులు గడువిచ్చాడు. ఆ రెండు రోజులూ స్టాన్లీ బండి కింద నుంచి లేవలేదు. ప్రతి వైరూ, ప్రతి ఫ్యూజూ చూశాడు. బండికి నాలుగడుగుల దూరంలో మేస్త్రి పని చేసుకుంటూనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చేది, నలభై ఏళ్ళ దండాలు అడ్డం పడేవి. మింగలేక, కక్కలేక అందరి మీదా విరుచుకుపడ్డాడు. మూడో రోజు లారీ ఓనర్లు ఏడుగురు వచ్చి కూర్చున్నారు. ఆ మిషను మనిషి ఉంటే మా బళ్ళు ఈ షెడ్డు గుమ్మం తొక్కవన్నారు. పృథ్వీరాజ్ తల వంచుకున్నాడు.

స్టాన్లీ సంచి సర్దుకుని అందరికీ చెప్పి, చివర మేస్త్రి దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రిగారూ, మీరు విప్పానన్నారంటే విప్పినట్టే. మీ చెయ్యి తప్పు చెయ్యదు. తప్పు నాదే అయ్యుంటుంది. అదేమిటో తెలిస్తే ఇంకో బండి మీద చెయ్యకుండా ఉందునని, అంతే బాధ."

తిట్టి ఉంటే మేస్త్రి పదింతలు తిట్టేవాడు. నమ్మినవాణ్ణి ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. "ఎల్లెల్లు, బస్సెల్లిపోద్ది" అన్నాడు. ఆ కుర్ర మనిషి అంటే ఆయనకి అప్పుడు పుట్టినంత అసహ్యం అంతకుముందెన్నడూ పుట్టలేదు. నిజానికి అసహ్యపడాల్సిన మనిషి ఎవరో ఆయనకి బాగానే తెలుసు.

కొండబాబు బండికి కొత్త పెట్టె వచ్చి బిగించేసరికి నెలా పది రోజులైంది. ఆ రోజులన్నీ అతను షెడ్డు ముందు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి స్టాన్లీని తిట్టిపోసేవాడు. మేస్త్రి ఎదురుగా కూర్చుని బీడీ కాల్చుకుంటూ వినేవాడు. దేముడమ్మ టీ గ్లాసు ఆయన చేతికివ్వడం మానేసింది. దూరంగా పెట్టి, ముఖం చూడకుండా పోయేది.

మేస్త్రి తనలో తను ఓ తీర్పు చెప్పుకున్నాడు. కొత్త బళ్ళ మీద వెల్డింగు ఇకమీదట నేనే కొడతాను, ఇంకెవడూ ముట్టుకోడానికి వీల్లేదు. హోల్డరు పట్టుకునేముందు ఏదో వంక పెట్టి సోముల్ని పంపించేసేవాడు. షెడ్డుకి వీపు తిప్పి తీగలు రెండూ విప్పేవాడు. పనయ్యాక మళ్ళీ తగిలించేవాడు. అచ్చం గంగులు లాగే. తప్పు దిద్దుకున్నాననే అనుకున్నాడు పాపం. ఒక్కటే మర్చిపోయాడు, తను చూసుకునేది తను ఉన్నంతసేపే.

దసరాకి ముందు రద్దీ రోజులు. ఆ పొద్దున్న మోకాలు నొప్పికి ఆసుపత్రిలో వరసలో నిలబడి మేస్త్రి పదింటికి గానీ రాలేదు. వచ్చేసరికి షెడ్డు మధ్యలో సరికొత్త లారీ, నంబరు ప్లేటు కూడా పడలేదు. బాడీ చానెల్‌కి ఎర్త్ క్లాంపు తగిలించి సోములు హోల్డరుకి రాడ్డు పెడుతున్నాడు. క్యాబిన్లో ఫ్యాను తిరుగుతోంది. దేముడమ్మ కొట్టు బల్ల మీద కొండబాబు టీ తాగుతున్నాడు. పృథ్వీరాజ్ ఆఫీసు గుమ్మంలో ఫోను మాట్లాడుతున్నాడు.

"ఆపరా," అన్నాడు మేస్త్రి. కుంటుకుంటూ వచ్చి హోల్డరు లాక్కున్నాడు. "ముందు బేట్రీ తీగలు ఇప్పు."

సోములు కదల్లేదు. మేస్త్రి ముందు ఎన్నడూ నోరెత్తని మనిషి ఆ రోజు ఎత్తాడు. స్టాన్లీ పోయినా అతని అలవాటు ఒకటి షెడ్డులో ఉండిపోయింది, ఎందుకని అడగడం.

"ఎందుకు మేస్త్రీ?"

"ఇప్పమంటే ఇప్పు."

"అది అబద్దమని తేలిపోనాది కదా. కొండబాబు బండికి నువ్వు తీగలు ఇప్పీసే కొట్టినావు. అయినా పెట్టె కాలిపోనాది. ఇప్పినా కాలిపోద్ది, ఇప్పకపోయినా కాలిపోద్ది. మరింక ఇప్పడమెందుకు? అటు సోమేశ్వరం షెడ్డోళ్ళు, ఇటు టింకరింగోళ్ళు, అందరూ మానీసినారు. నీ మాట మీదే మానీసినారు."

తన పేరు అంత గొప్పదని అప్పటిదాకా మేస్త్రికీ తెలియదు. స్టాన్లీ మూడుసార్లు అందరిచేతా అనిపించిన నిజాన్ని తన ఒక్క అబద్ధం చెరిపేసింది. ఎన్ని షెడ్లలో ఎంతమంది ఇప్పుడు తీగలు విప్పకుండా హోల్డరు పట్టుకుంటున్నారో. వాళ్ళందరి వెనకా వీపు తిప్పి నిలబడటానికి ఆయనకి ఎన్ని వీపులున్నాయి?

ఇంకో వంక వెతికాడు. మోకాలు నొప్పి, ఎండ, కాళ్ళకి అడ్డం, ఏదో ఒకటి. సోములు ఎదురుగా నిలబడి జవాబు కోసం చూస్తున్నాడు. వంక చెబితే ఈ బండి బతుకుతుంది. రేపు పక్క షెడ్డులో ఇంకోటి చస్తుంది.

"ఆ దినం నాను ఇప్పనేదు," అన్నాడు.

"ఏటి?"

"కొండబాబు బండికి తీగలు ఇప్పనేదు. పాటలు వస్తానే ఉన్నాయి. నానే కాల్సీసినాను పెట్టెని. స్టాన్లీ మిషను కాదు."

పృథ్వీరాజ్ ఫోను చెవి దగ్గర నుంచి దించాడు. దేముడమ్మ కొట్టులోంచి బయటికి వచ్చి నిలబడింది. కొండబాబు గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి నడిచి వస్తుంటే జనం రెండు పక్కలకీ తప్పుకున్నారు.

"నెలా పది రోజులు," అన్నాడు కొండబాబు. "నెలా పది రోజులు నా ఎదర కూకుని బీడీ కాల్సుకున్నావు. ఆ అబ్బి చొక్కా పట్టుకుని నాను ఈదిలో లాగినాను. నువ్వు సూస్తా నిలబడినావు."

"అవును."

"మావా అని పిలిసినాను నిన్ను."

చెంప మీద కొడతాడేమో అనుకున్నాడు మేస్త్రి. కొట్టినా బాగుండును. కొండబాబు కొట్టలేదు, ఆయన కాళ్ళ దగ్గర ఉమ్మేశాడు. "ఈడు ఇంక నా బండి మీద సెయ్యెయ్యడానికి నేదు. ఏ ఓనరు బండి మీదా ఎయ్యనివ్వను. సాలూరంతా సెప్తాను," అన్నాడు పృథ్వీరాజ్‌తో.

పృథ్వీరాజ్ కాదనలేదు. నలభై ఏళ్ళ పేరు పోవడానికి ఓ బీడీ కాలేంత సేపు కూడా పట్టలేదు. అక్కడున్న ఏ ముఖంలోనూ జాలి లేదు. సోములు ముఖంలో అసలే లేదు.

మేస్త్రి బ్యాటరీ మూత తీశాడు. పదో నంబరు పానా అందుకుని, షెడ్డు వైపు తిరిగి, చేతులు అందరికీ కనబడేలా కూర్చున్నాడు. చెప్పడం చేతకాని మనిషి, ఎక్కడ మొదలెట్టాలో తెలియలేదు.

"బెల్డింగు కరెంటు ఇనుమంతా పాకుతాది," అన్నాడు. "పాత బండికి తలకాయ నేదు. దీనికి ఉన్నాది. ఈ నల్ల తీగ ముందు ఇప్పాల. ఎర్రది ఎనకాల." నల్ల తీగ విప్పి పక్కకి తీశాడు.

కొండబాబు గేటు వైపు తిరిగాడు.

"ఎయ్యను," అన్నాడు మేస్త్రి, అతని వీపుతో. "నీ బండి మీద సెయ్యెయ్యను. గానీ నీకూ ఉన్నాది ఈ పెట్టె. తిట్టుకుంటానే ఇను. సగమే సెప్పినాను."

కొండబాబు ఆగాడు. వెనక్కి తిరగలేదు గానీ పోలేదు కూడా. మేస్త్రి ఎర్ర తీగ మీద పానా పెట్టి మిగతా సగం మొదలెట్టాడు.